ఏకవచనం బరువు

నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
నానులి మెట్లెక్కి వచ్చి
రెండు సంచులూ వంటింటి గట్టు మీద దించి
కొత్త భాషలో గర్వంగా చెప్పింది:
"ఫుయీ దె కొంప్రాస్."

కుర్చీలోంచి దోన్యా కసిల్దా
పొట్ట పట్టుకుని నవ్వింది.
"సంచిలోంచి ఉల్లికాడలు తొంగిచూస్తుంటేనా!
వేళ్ల మీద ఆ ఎర్రటి వాతలతోనా!
దీన్ని అథేర్ లా కొంప్రా అంటారే, పిల్లా.
బంగాళాదుంపలు, శనగలు, ఉప్పుచేప,
గిన్నెల సబ్బు, నా మోకాళ్ల మందు,
పదిహేను రకాలు మోసుకొచ్చినా
మాట మాత్రం ఏకవచనం.
ఇంటికి ఒక్కటే ఆకలి కదా."

"మరి నేనన్నది?"

"అది బహువచనం. దె కొంప్రాస్.
అద్దాల వెనక బొమ్మలు కట్టుకున్నవి చూడ్డం,
ఊరికే ధర అడగడం, తొడుక్కుని విప్పేయడం.
దానికి సంచీ అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు."

తెలుగు చెవికైతే కొంప్రాలో
కొంప వినిపిస్తుంది.
నానులిది జార్జియా, ఆమెకు వినిపించదు.
ఆమె కొంప కుతైసిలో ఉంది.
నెలనెలా ఐదో తారీకున
జీతంలో ముప్పాతిక అటే పోతుంది.

ఆ రాత్రి నోటుబుక్కులో రెండు గడులు గీసింది.
ఎడమ గడి
మూడేళ్ల వాక్యాలతో నిండి అంచు దాటింది.
కుడి గడిలో రాయడానికి
తన గురించి ఒక్క నిజం దొరకలేదు.

గురువారం సెలవు.
ఎబ్రో నది మీంచి చలిగాలి.
లొగ్రోన్యోలో, కమానుల కింద ఒక కొట్లో
ఆకుపచ్చ కోటు తొడుక్కుంది.
భుజాలు సరిపోయాయి. చేతులు కాస్త పొడుగు.
అద్దంలో మనిషి
ఎవరికీ మందు ఇవ్వాల్సిన వేళ కానట్టు
నిలబడి ఉంది.
ధర చీటీ తిప్పి చూసి, మళ్లీ బోర్లించి,
గుండీలు ఒక్కొక్కటే
పైనుంచి కిందికి తీసింది.

"ఏం కొన్నావు?"
"ఏమీ లేదు."
"హమ్మయ్య, ఇవాళ వ్యాకరణం కుదిరింది."

నానులి జేబులోంచి ఒక నిమ్మకాయ తీసింది.
ఇంట్లో అయిపోయిందని
దారిలో గుర్తొచ్చింది మరి.

ముసలావిడ దాన్ని అరచేతిలో దొర్లించింది.
"ఇది రెండిట్లోనూ చేరదు.
వట్టి కొంప్రార్. కొనడం. అంతే."

గోటితో తొక్క గిల్లి
కళ్లు మూసుకుని వాసన చూసింది.

"సరే, చెప్పు.
ఏ రంగు?"