ఉప్పుగాలి లెక్క

కొన్న రోజే అడుగుతారు అందరూ
"ఎన్నాళ్లొస్తాయి సార్?"
చెప్పుల షాపులో అడిగినట్టు.

జ్ఞానాపురం వంతెన కింద ఆరడుగుల కొట్టు నాది.
ఎదురుగా కొబ్బరిబోండాల బండి,
వెనక గూడ్సు పట్టాలు.
బండి వెళ్తుంటే గోడకి వేలాడే గిటార్లన్నీ
ఎవరూ ముట్టకుండానే సన్నగా మూలుగుతాయి.
ఏది కొత్త తీగో ఏది పాతదో
నాకు అప్పుడే తెలిసిపోతుంది.

ప్యాకెట్టు మీద ఏ లెక్కా రాసుండదు.
రాసినా అది ఈ ఊరి లెక్క కాదు.
లాసన్స్ బే కుర్రాడికి మూడు వారాలు,
సింహాచలం కొండవతలి వాడికి రెండు నెలలు,
కిటికీ సముద్రం వైపుంటే ఇంకో నాలుగు రోజులు కొట్టెయ్యాలి.
మే నెల చెమట,
పోర్టు మీంచి వచ్చే నల్లదుమ్ము.
కొందరి వేళ్లలోనే తుప్పుంటుంది,
పాపం వాళ్ల తప్పు కాదు,
ముట్టుకుంటే చాలు ఉక్కు నల్లబడుతుంది.

సన్నతీగ తెగి చస్తుంది. టప్‌మని,
చెంప మీద ఓ గీత పెట్టి మరీ.
లావుతీగ అలా కాదు
చచ్చిపోయాక కూడా మోగుతూనే ఉంటుంది.
చుట్టల సందుల్లో చర్మం, నూనె,
పకోడీలు తిన్న సాయంత్రాలు.
వాయించేవాడికి తెలీదు.
రోజూ అద్దంలో చూసే మొహం కదా.

సైలస్ గారి బేస్‌కి
హుద్‌హుద్ వచ్చిన ఏడు వేశాను నాలుగు తీగలు.
డాక్‌యార్డులో వెల్డరు ఆయన.
ఆదివారం క్వయర్ వెనక, ఫ్యాను కింది కుర్చీ.
రెండుసార్లు అన్నం గిన్నెలో తీగలు మరగబెట్టి
వాళ్లావిడ చేత తిట్లు తిన్నాడు.
ఉడికిన తీగ పదిరోజులు పలుకుతుంది,
పదకొండో రోజు మళ్లీ మామూలే.
తరవాత్తరవాత అదీ మానేశాడు.

మొన్న ఈస్టరుకి ముందు
కూతురు బ్యూలా మోసుకొచ్చింది ఆ బేస్‌ని.
మొదటి జీతం.
"మంచివి వెయ్యండి అంకుల్, నాన్నకి చెప్పొద్దు."
వేశాను.
మీటితే కొట్టంతా కంచు.
బోండాల అప్పన్న కత్తి ఆపి ఇటు చూశాడు.

సోమవారం నేను షట్టరెత్తేసరికే సైలస్.
భుజాన బేస్,
మొహాన తప్పుచేసినవాడి నవ్వు.
"పిల్ల ప్రేమగా వేయించింది, కాదన్లేను.
కానీ ఏటి బాబూ ఇది,
నేను ముట్టుకున్నదల్లా వినబడిపోతంది!
తప్పులతో సహా.
పాతవైతే పాట కింద చాపలా పడుండీవి,
నేనున్నట్టే తెలిసీది కాదు ఎవరికీ."
కాసేపు పట్టాల వైపు చూసి
"పారేసేవా?"

పారెయ్యలేదు.
ఎందుకో అడక్కండి.
బిస్కెట్ల డబ్బాలో చుట్టచుట్టి ఉన్నాయి,
ఒళ్లంతా గోధుమరంగు,
వేలు ఆనే చోట మాత్రం
అరిగి అరిగి తళతళ.

మళ్లీ ఎక్కించాను, ఒకటి, రెండు, మూడు.
నాలుగోది విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
"ఆ సన్నది ఉండనీ. కొత్తదే.
దానికి వినబడాలి కదా దాని జీతం."
"దాన్ని మీరసలు ముట్టుకోరు కదండీ?"
"ముట్టుకుంటాను. ఆమేన్ దగ్గర."

కూలి తీసుకోలేదు.
మిగిలిన మూడు కొత్తవీ ఆ డబ్బాలోనే ఉన్నాయి.
నూనెగుడ్డ చుట్టి పెట్టాను.
ఉప్పుగాలి కదా,
వాయించకపోయినా తింటుంది.