షువైఖ్‌లో ఒక బుస

బండి కంటే ముందు దాని బుస వచ్చింది.
మూడో సందు మలుపులో, టైర్ల కొట్టు దాటాక,
స్స్‌స్ అని, పొయ్యి మీద గంజి పొంగినట్టు.
తెల్ల సన్నీ. నాలుగు లక్షల కిలోమీటర్లు.
ఎండకి పగిలిన డాష్‌బోర్డు, దాని మీద తువ్వాలు,
తువ్వాలు మీద ఒక నిమ్మకాయ, వణుకుతూ.

"పాము గాని దూరిందేమో అన్నా," అన్నాడు నాగసుబ్బయ్య.
చిట్వేలి మనిషి. నవ్వుతూనే అన్నాడు గానీ
కాళ్లు మాత్రం బండికి బారెడు దూరంలో పెట్టుకున్నాడు.
ఒక గ్యారేజీలో ఏసీ గ్యాసు నింపినారంట, ఎనిమిది దినార్లు.
ఇంకోచోట బెల్టు మార్చినారంట, పన్నెండు.
బుస మాత్రం వాడి వెంటే తిరుగుతోంది,
జాబ్రియా నుంచి జహ్రా దాకా, జహ్రా నుంచి మళ్లీ.
"ఫోన్లో మా ఇంట్లో ఆమె విని, కుక్కర్ పెట్టినావా అంటాది.
ఔనంటా. ఏం చెప్పేది?
మొన్న, ఇంకా ఉడకలేదా అనింది."

జూలై. ఒంటిగంట.
బానెట్ మీద నీళ్లు చల్లితే పెనం మీద చల్లినట్టే.
ఏసీ ఆపమన్నాను. ఆపాడు. బుస ఆగలేదు.
ఎనిమిది దినార్లు అక్కడే ఆవిరైపోయాయి.
బ్రేకు తొక్కమన్నాను. తొక్కాడు. రవ్వంత మార్పు లేదు.
బూస్టరు బాగుంది, బతికిపోయినావు పో.
రేడియేటరు మూత దగ్గర తడి లేదు,
కూలెంటు తీపి వాసనా లేదు.

అప్పుడు తీశాను గూట్లోంచి
మూరెడు నీళ్ల పైపు ముక్క.
జర్‌గుల్ ఉస్తాద్ ఇచ్చిపోయింది, పెషావర్ వెళ్లిపోతూ.
పానాలన్నీ అమ్ముకున్నాడు, దీన్ని అమ్మలేదు.
ఎవడు కొంటాడు?
ఒక కొస చెవికి, ఒక కొస ఇంజిన్‌కి.
కళ్లు మూసుకో అనేవాడు ఆయన,
నల్ల రబ్బరు మీద నల్ల పగులు
ఏ కంటికి కనబడుద్ది?

ఆల్టర్నేటరు: తిరగల్లో రాగులు.
ఇంజెక్టర్లు: పక్కింట్లో కుట్టుమిషను.
ఇంకా వెనక్కి, గోడ పక్కకి, చెయ్యి పట్టనంత ఇరుకులోకి
పైపు కొస జారుతుంటే, ఉన్నట్టుండి
నా చెవి పక్కనే ఎవరో
పళ్లు బిగించి గాలి పీల్చినట్టు.

"కారిపోయేదేం లేదు సుబ్బయ్యా,
ఇది లోపలికి పీలుస్తోంది."
అందరూ ఏం బయటికి పోతోందో అని వెతికారు.
నోరు కాని చోట నోరు తెరుచుకుని
ఊరికే ఎడారి గాలి తాగుతోంది బండి,
తాగినకొద్దీ ఎగశ్వాస.
వంపు తిరిగిన రబ్బరు అడుగున, గోటి గీత అంత పగులు.
వేలు పెట్టి మూశాను.

బుస ఆగింది. ఇంజిన్ కుదుటపడింది.
డాష్‌బోర్డు మీద నిమ్మకాయ
వణకడం మానేసింది.
వేలు కాలుతోంది, అయినా ఇంకో క్షణం తీయలేదు.

పైపు ముప్పావు దినారు. రెండు క్లిప్పులు, పావు.
నా కూలి ఒకటి. వాడు మూడిచ్చాడు,
చిల్లర వెతకబోతే వద్దన్నాడు.
డబ్బులిచ్చినా కదలడే!
స్టీరింగు పట్టుకుని, తల పక్కకి వంచి,
"అన్నా, ఇంకేందో టిక్కు టిక్కుమంటాంది."
ఇండికేటర్రా నాయనా.
"ఇదెప్పుడూ ఉండేదేనా?" అన్నాడు, ఆశ్చర్యంగా.
కాసేపు దాన్నే విన్నాడు.
ఎడమకి వేసిన ఇండికేటరుతోనే
కుడికి తిరిగి వెళ్లిపోయాడు.

రాత్రి హసావీలో, గదిలో,
అన్నంలో పచ్చిపులుసు కలుపుతుంటే వేలు చురుక్కుమంది.
కిటికీ ఏసీ బుస కొడుతోంది.
అలవాటు కొద్దీ తల తిప్పి విన్నాను:
గ్యాసు తగ్గింది, ఫిల్టరు మూసుకుపోయింది,
పావుగంట పని.
పైన మంచం మీద ఖాదరయ్య అప్పుడే గురక తీస్తున్నాడు.
మంచాలు ఎనిమిది, మనుషులం తొమ్మిది.
పావుగంట దాన్ని ఆపితే
ఎంతమంది లేస్తారో లెక్కేసుకుని
చెయ్యి కడుక్కుని పడుకున్నాను.