బరకం

మిర్చియార్డు గేటుకెదురుగా
ముప్పైరెండేళ్లుగా బరకాలు కుడుతున్నాను.
టిక్కీల మీద కప్పినవి, లారీల నడుముకి బిగించినవి,
మబ్బు మొహం చూసి రైతు పరిగెత్తుకొచ్చి
అప్పు పెట్టి పట్టుకెళ్లినవి,
అన్నీ నా సూది కిందనించి వెళ్లినవే.
ఒక్కదాని కిందా నేను పడుకోలేదు.

అడవి ఆఫీసువాళ్లు గుడారం కావాలన్నారు.
పులుల లెక్కకి వెళ్లే మనుషులు ఉండాలట,
నలుగురు పట్టాలి, గాలికి ఎగరకూడదు.
కొత్త గుడ్డకి డబ్బు శాంక్షన్ కాలేదు.
యార్డులో నాలుగు సీజన్లు మోసిన పాత బరకాన్నే
దులిపి, కత్తిరించి, అంచుల్లో తాడు పోసి కుట్టాను.
హమాలీల కొక్కేలు పొడిచిన చిల్లులు నలభై ఒకటి.
లెక్కపెట్టి మరీ మాట్లు వేశాను.
"నువ్వే వచ్చి నిలబెట్టు, ఆ ముడులు మాకు రావు" అన్నారు.

గుంటూరులో తెల్లారగట్ల మాచర్ల బస్సు.
పక్క సీటామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
నరసరావుపేట దాకా బస్సు బస్సంతా తుమ్మింది.
నాకే ఏ ఘాటూ తెలీలేదు.

మాచర్ల దాటాక జీపు. జీపు ఆగిపోయాక నడక.
బరకానికి ముందు ఈదన్న, వెనక నేను.
ఈదన్న చెంచు మనిషి,
మాటల్ని ఉప్పులా వాడతాడు.
"అక్కడ కాలు పెట్టకు." పెట్టలేదు.
"ఇది నిన్నటిది." వంగి చూశాను.
వాగు బురదలో అరచెయ్యంత గుంట, ముందు నాలుగు వేళ్లు.
అలవాటు కొద్దీ జేబులోంచి టేపు తీశాను.
ఐదంగుళాలకి నూలుపోగంత తక్కువ.
ఈదన్న మొదటిసారి నవ్వాడు,
"దానికి చొక్కా కుడతావా?"

రాత్రి వాళ్ల జొన్నసంకటి, నా డబ్బాలో గోంగూర.
నిప్పు ఆరిపోయాక
చెయ్యి చూసుకుందామంటే చెయ్యి లేదు.
యార్డులో రాత్రి కూడా ఎర్రగానే ఉంటుంది మరి.
ఎక్కడో దుప్పి ఒక్కసారి అరిచింది.
తర్వాత కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి.
నా గుండె మాత్రం పాత మిషను తొక్కినట్టు...
"పడుకో టైలరన్నా," తుమ్ముతూ అన్నాడు ఈదన్న,
"నీ గుడారం ఘాటుకి ఎలుగ్గొడ్డు కూడా దరికి రాదు."

రెండో జాములో వాన దిగింది.

వానంటే నాకు పైనుంచే తెలుసు.
అరుపులు, పరుగులు, తాళ్లు,
గిరాకీ.
కిందనుంచి వినడం ఇదే మొదలు.
ముందు వేళ్లతో తట్టింది, తర్వాత పిడికిళ్లతో.
ధర పలక్క మూడేసి రాత్రులు
టిక్కీల పక్కనే ముడుచుకున్న మనుషులు
ఇదంతా వినే ఉంటారు.

అప్పుడు పడింది, నా కనుబొమ్మ మీద,
ఒక్క చుక్క.
జరిగాను. చెవి మీద పడింది.
బ్యాటరీ లైటు వేసి చూస్తే
నలభై రెండోది,
రెండు కుట్ల మధ్య నేను చూడని కన్ను.

ఆరేళ్ల కిందట పెదనందిపాడు నించి ఒకాయన
తడిసిన కాయలు గుప్పెడు తెచ్చి
నా మిషను మీద పోశాడు.
"నీ బరకం కారింది" అన్నాడు.
"నా కుట్టు కారదు" అన్నాను,
తల కూడా ఎత్తకుండా.
ఆయన ఆ కాయలు మళ్లీ ఒక్కొక్కటే ఏరుకుని వెళ్లాడు.

ఈదన్న లేచి చుక్క కింద సత్తు గ్లాసు పెట్టి
మళ్లీ నిద్రపోయాడు.
టంగు... టంగు...
గ్లాసు నిండేలోపు తెల్లారింది.

సూది ఉంది, దారం ఉంది, చిల్లు మూసేశాను.
పాత బిల్లు పుస్తకాలు అటక మీద ఉండాలి.
పేరు గుర్తులేదు గానీ
వేలిముద్ర కాదు, సంతకం చేశాడు.

తిరుగు బస్సు సాయంత్రానికి గుంటూరు చేరింది.
చుట్టుగుంట దగ్గర కిటికీలోంచి గాలి కొట్టింది.
తుమ్మాను.
ఆగకుండా, కళ్ల వెంట నీళ్లు కారేదాకా.
కండక్టరు అడిగాడు,
"ఈ ఊరికి కొత్తా?"