వేపపూత, ముప్పై బాట్లు

థోన్‌బురీలో ఎక్కి, మూడో తరగతి చెక్కబల్ల మీద
మూడు గంటలు గాలి తింటూ పెచ్చబురీలో దిగాను.
జేబు పుస్తకంలో రాసుకున్నాను:
పడక నూట యాభై. రైలు ముప్పై ఒకటి.
పొద్దుటి జావ ఇరవై.
ఇక ఈ రోజుకి మిగిలింది
అరవై తొమ్మిది బాట్లూ, ఒక ఆకలీ.

పదకొండేళ్లు సిమెంటు డీలరు దగ్గర పద్దులు రాసిన చెయ్యి ఇది.
ఏ ఊరు వెళ్లినా
ముందు గీత గీసి, కింద కూడుతుంది.

నది పక్కన బజారు.
పళ్లకు ఫోటోలు తీసుకునేవాళ్లు తీసుకుంటున్నారు.
నేను ధరల అట్టలు చదువుతూ నడిచాను.
అక్షరాలు రావు, అంకెలు వచ్చు.
తొంభై. నూట ఇరవై. ఎనభై.
ముప్పై దగ్గర ఆగాను.

ముప్పై దగ్గర ఉన్నది వేపపూత.

వేడినీళ్లలో ముంచి తీసి, అరటినారతో బిగించిన కట్టలు.
లేత చిగుళ్లు, విచ్చీ విచ్చని మొగ్గలు.
మా ఇంట్లో ఏడాదికొక్క పొద్దున
చెంచాడు పచ్చడిలో నాలుగు రేకులు వేసి
"నమలకు, మింగేయ్" అనేవారు.
ఇక్కడ పాడ్యమి లేదు, పంచాంగం లేదు,
ఉత్త శనివారం, మిట్టమధ్యాహ్నం,
తోటకూర అమ్మినంత మామూలుగా
అమ్ముతోంది ఒక పెద్దావిడ.

పా సంవాన్ అని పిలుస్తున్నారు. పా అంటే పెద్దమ్మ.
ఆమె వెనక బొగ్గుల మీద
ఉప్పు పట్టించిన కొర్రమీను, నోట్లో నిమ్మగడ్డి కుక్కుకుని,
నూట ఇరవై బాట్ల ధీమాతో కాలుతోంది.

వేలుపెట్టి చూపించాను: ఇది. అన్నం. అంతే.
ఆమె చేపని చూపించింది.
తల అడ్డంగా ఊపాను.
మన తల ఊపుడు ఏ దేశంలోనూ ఒక పట్టాన అర్థం కాదు.
"ఖోమ్" అంది, మొహమంతా ముడిచి. చేదు.
"ఖోమ్" అన్నాను నేనూ. ఎరుగుదును.

చిన్న గిన్నెలో పాకం పోసింది.
తాటిబెల్లం, చింతపండు,
పైన వేయించిన ఉల్లి, నల్లబడ్డ ఎండుమిర్చి.
అందరూ పేరుపేరునా తెలిసినవాళ్లే,
ఆ చేపల ఉప్పునీళ్లు తప్ప.
అదొక్కటే మొదట ముక్కు మీద గుద్ది,
తర్వాత రైల్లో మోటు మనిషిలా
జరిగి చోటిచ్చింది.

నమిలాను.
నా జన్మలో మొదటిసారి నమిలాను.
తీపీ పులుపూ ముందు దిగి వెళ్లిపోయాక
చేదు తీరిగ్గా దిగింది.
మా చేదు కాదు, దాని తమ్ముడు.
ఆ తర్వాత తాగిన మంచినీళ్లు కూడా
తియ్యగా తగిలాయి.

ఆమె కళ్లు పెద్దవి చేసి
పక్క కొట్టు పకోడీలాయనకి కేకేసింది:
"ఖేక్ కిన్ సదావ్!"
ఖేక్ వేప తింటున్నాడు.
ఖేక్ అంటే అతిథి. ఖేక్ అంటే మా రంగువాళ్లు కూడా.
ఏ అర్థంలో అన్నారో గొంతుని బట్టి పోల్చుకోవాలట.
నేను పోల్చుకునేలోపే
కొర్రమీను తోక నా పళ్లెంలో పడింది.

మనవరాలు తోయ్ ఫోన్లోంచి తలెత్తి
వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది:
"చేప లేకుండా వేప తినేది
మేకలూ, ఒంటరివాళ్లూ అంటోంది మా అమ్మమ్మ."

నవ్వాను. నవ్వాల్సిన చోటే అది.
పోయిన చైత్రంలో నేను పచ్చడి చెయ్యలేదు,
ఒక్కడికి ఎంత పువ్వు కొయ్యాలో తెలియక.

నలభై ఇచ్చాను. మిగిలిన ఇరవై తొమ్మిదీ
నాణేలతో సహా బల్ల మీద పెట్టాను.
ఈగల్ని తోలే గుడ్డతోనే
వాటిని నావైపు తోసేసింది.

రాత్రి, ఎనిమిది మంచాల గదిలో, పుస్తకం తీశాను.
వేప ముప్పై. అన్నం పది. తోక...
తోక దగ్గర కలం చాలాసేపు నిలబడింది.
సున్నా వేస్తే అబద్ధం.
అప్పు అని రాస్తే ఆవిడ ఊరుకోదు.
ఆ గడిలో ఎప్పుడు పడిందో పాకం చుక్క,
దాన్ని వెతుక్కుంటూ కాగితం ఎక్కుతోంది
ఒక చీమ.

పుస్తకం మూయకుండానే పడుకున్నాను.