రెండోసారి అన్నది

ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక సందు,
మిద్దె మీద నా డీటీపీ షాపు.
పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, ఆధార్ జిరాక్సు.
రాత్రయితే
నేను చూడని దేశానికి అక్షరాలు గీస్తాంటాను.

వోలోఫ్ అంట, సెనెగల్లో మాట్లాడతారంట.
దాన్ని రాసే లిపుల్లో ఒకటి, గరాయ్,
మసీదు గోడ మీది ఉర్దూ మాదిరే
కుడి నుంచి ఎడమకు నడుస్తుంది.
ఈ వారం నా వంతుకు ఒక్క గుర్తు.
మాట పక్కన నిలబడి
"ఇంగొకసారి" అంటుంది, అంతే దాని పని.
దానికీ ఒక సంఖ్య వేసినారు,
అకారానికి వేసినట్టే, సున్నాకి వేసినట్టే.

వంపు ఎంత తిప్పాలో తేలక
తొమ్మిదిసార్లు చెరిపినాను.
కింద నుంచి మిద్దె ఓనరు:
"దస్తగిరమ్మా, బాడిగ బాడిగ!"
ఆయనకు ఏ గుర్తూ అక్కర లేదు.

బడిలో తెలుగయ్యవారు చెప్పినాడు,
మాట రెండుసార్లు పలికితే
రెండోదాని పేరు ఆమ్రేడితమని.
మరి మొదటిదానికి పేరేంది సార్ అంటే
కూర్చో అన్నాడు.
కూర్చో కూర్చో.

గీసిందాన్ని ఫైల్లో పెట్టి
ఆ మాట కోసం వెతికినాను.
ఒక్కచోటే దొరికింది.
రెండోది అందులో లేదు.
కంప్యూటర్ దాచుకున్నది గుర్తునే,
మాట మాత్రం
చదివే మనిషి నోట్లో తప్ప యాడా లేదు.

విల్లు కొట్టి కొట్టి దూది ఏకిన చెయ్యి నాయనది.
రాత తక్కువ.
పరుపుల బాకీ పుస్తకంలో
పేజీకి ఒక్కసారి, పైన, "రావాల" అని రాసి
కింద ప్రతి పేరుకూ రెండు చుక్కలు,
వాలుగా, ఆవగింజలంత.

ఆయన నలభై దినం అయినాక
అమ్మ ముందర కూర్చొని చదివినాను.
గోనెగండ్ల మౌలాలి, పరుపు ఒకటి, దిండ్లు రెండు,
చుక్కల కాడ నేను ఆగితే
అమ్మ అంటాంది: రావాల.
ఎమ్మిగనూరు హుసేనమ్మ, బొంత ఒకటి.
రావాల.
జిన్నింగు మిల్లు మేస్త్రి.
రావాల, వాడు ఇయ్యడులే.

ఆఖరి పేజీలో అడుగున
పేరు లేదు, సామాను లేదు.
ఊరికే రెండు చుక్కలు.
నేను ఆగినాను.
అమ్మ పుస్తకం వైపు చూడలేదు,
తలుపు వైపు చూసింది.
రావాల, అనింది.

గుర్తు పంపించేసినాను తెల్లారుజామున.
వంపు కొంచెం వాలింది.
దిద్దలేదు.