తలకెన్ని లీటర్లు

సోహార్ క్యాంపుల పొద్దుగాల నాలుగున్నరకు
మీటరు అద్దం మీది ఇసుక తుడిచి
అంకెలు రిజిస్టర్ల ఎక్కిస్త.
పేరుల గంగ ఉన్నదని ఈ పని ఇచ్చిండ్రో ఏమో,
గంగరాజం అంటె ఎవలికీ తెల్వదిక్కడ,
అందరికీ నేను ‘మీటర్’నే.

సముద్రం నుంచి ఉప్పు గుంజి పంపిన నీళ్లు.
బకెట్ బకెట్‌కు ఎక్కడో కరెంటు కాలుతదని
ఇంజనీరు షబీబ్ సారు మాట.
పోయిన నెల ఆయన గీసిన చార్టుల గీత
నిచ్చెన దిగినట్టు దిగింది.
"శభాష్ మీటర్, నీళ్లు మిగిలినయ్!"

నవ్విన గాని మాట గొంతులనే ఆగింది.
సార్, బీ-బ్లాకోళ్లు అరువై మంది దుక్మ్‌కు పోయిండ్రు.
లేని మనిషి తానం చెయ్యడు గద.

మరి మిగులుడంటె ఏంది?
దూపకు ఓర్సుకునుడా?
వెల్డింగు మసి ఒంటి మీదనే ఉంచుకొని పండుడా?
తాగేటంత తాగి, కడుక్కునేటంత కడుక్కొని,
అప్పుడు గూడ ముల్లు నిమ్మళంగ తిరిగితె
దాన్ని అనాలె మిగులుడని.

రిజిస్టర్ల ఇంకో గడి గీసిన. నీళ్ల పక్కన తలలు.
నూట ఎనభై మంది ఉన్ననాడు తలకు నూట ముప్పై ఒకటి.
నూట ఇరువై మందిమి ఉన్నం ఇప్పుడు,
నూట నలభై ఎనిమిది.
మల్ల భాగించిన. అదే.
పదిహేడు లీటర్లు ఎవలు తాగుతుండ్రు?

రాత్రి రెండు గంటలకు మీటరు కాడ కూసున్న.
మనుషులు పండుకున్నరు.
ముల్లు పండుకోలే.

పైపు ఎంబడి పోతె బీ-బ్లాకు.
తాళం, చీకటి, ఎవలో ఇడిసిపోయిన ఒంటి చెప్పు.
మీద ట్యాంకుల ఫ్లోట్ బంతి పలిగి మునిగింది.
పోయినోళ్ల కోసం నీళ్లు ఇంకా వస్తనే ఉన్నయ్.
లీటరు బాటిల్ పట్టి చూసిన,
నలభై రెండు సెకన్లకు నిండె.
దినానికి రెండు వేల చిల్లర. లెక్క కుదిరింది.

తెల్లారి బంతి మార్చిన. ధార ఆగింది.
కింద ఇసుకల పచ్చగ గడ్డి, జానెడంత.
రెండు గువ్వలు వచ్చి పైపు నోటి దిక్కు చూసినయ్,
నా దిక్కు చూసినయ్.

ట్యూనా డబ్బా కడిగి నీళ్లు పోసి పెట్టిన.
గ్లాసెడు గూడ పట్టదు.
రిజిస్టర్ తెరిసి
తలల గడిల నూట ఇరువై అని రాసి
కొద్దిసేపు
పెన్ను అట్లనే పట్టుకున్న.