సీసం

ఆ అక్షరాలిప్పుడు గోదాట్లో ఉన్నాయండి.
ప్రెస్సు మూసినప్పుడు కిలోల్లెక్కన తూచి అమ్మేశారు.
యానాం వలలవాళ్ళు కరిగించి
గుళ్ళు పోసుకున్నారు వలలకి.

రామచంద్రపురంలో, కాలవ గట్టున, రేకుల కింద
ఇరవయ్యారేళ్ళు అవే ఏరాను నేను,
కొల్లాబత్తుల ఎలీశమ్మగారి కోసం.

చదివి కాదు, వేళ్ళతో తెలుసు నాకావిడ.
నవలైతే ‘మ్మ’ అరిగిపోయేది.
వారం వారం రాజకీయ వ్యాసానికి ‘ప్ర’ చాలేది కాదు:
ప్రభుత్వం, ప్రతిపక్షం, ప్రకటన, ప్రజలు.
ఓసారి ‘ప్రజలు’ విప్పి ‘ప్రభుత్వం’ కట్టానంటే
పడీ పడీ నవ్వారు:
“అక్కడ జరిగేదీ అదే కదా అబ్బులుగారూ!”

ఆ వ్యాసానికే పంతులమ్మ ఉద్యోగం పోయింది.
సస్పెన్షన్ కాయితం వెనకవైపు
తరవాతి నవల మొదటి పేజీ రాసి తెచ్చారు.
తిరగేసి చూసి, ఏమీ అనలేక,
కట్టడం మొదలెట్టాను.

హక్కుల సంఘం రిపోర్టులకి అంకెలు కావాలి.
రాత్రి 11.40.
ఎడమ చేతి మీద మచ్చలు 4.
జీపు నంబరు.
‘లాగా’ అన్న మాటే ఉండదందులో.
చెప్పులకి బురద ఆరకుండానే వచ్చేవారు అలాంటప్పుడు,
మంచినీళ్ళడిగి, తాగడం మరిచిపోయి.

పెసంగి యోబు సంగతి అలాగే తెలిసింది.
రొయ్యల చెరువు మీద కాపలా కుర్రాడు,
పందొమ్మిదేళ్ళు.
ఇంజను పోయిందన్నారు.
స్టేషనుకి నడిచెళ్ళినవాడు
చాపలో తిరిగొచ్చాడు.
ఉప్పు తేలిన ఆ ఊళ్ళో గడప గడపా తిరిగి
పదకొండు పేజీలు తెచ్చారావిడ.

ఎస్సై పేరు తీసెయ్యమన్నాడు మా ఓనరు.
తీశాను.
ఆ చోట అచ్చుపడని సీసం ముక్కలు పెట్టాను.

ప్రూఫు మీద, సరిగ్గా ఆ ఖాళీలో, వేలుంచారు.
“నవల్లో అయితే ఇలా గాలి వదులుతానండి.
ఇక్కడ మనిషున్నాడు.”

అంతే. కోప్పడలేదు. వెళ్ళిపోయారు.
ఆ రాత్రి ఎవరూ చెప్పకుండానే
నేనే కట్టాను, ఆరక్షరాలు.
చెయ్యి వణికి ఓ ‘ర’ తలకిందులుగా పడింది.
అలాగే అచ్చయింది.

అమలాపురం కోర్టులో ప్లీడరు
ఆవిడ నవల పైకెత్తి చూపించాడట:
“కట్టుకథలు రాసే చెయ్యే కదా మీది?”
“ఆయ్. కథలో పేర్లు మారుస్తాను.
రిపోర్టులో తలకిందులైన ‘ర’ కూడా దిద్దలేదు.”
కోర్టంతా నవ్విందట.

కేసు కొట్టేశారు లెండి.

రెండేళ్ళకి మళ్ళీ నవల.
అందులో ఓ కుర్రాడు జీపులోంచి దూకి
కోటిపల్లి రేవులో పంటెక్కి
అవతల ముక్తేశ్వరం ఒడ్డున కూచుని
ముంజెలు తింటాడు.

కడుపు మండిపోయిందండి నాకు.
పదకొండు పేజీల నిజం మోసి, దెబ్బలు తిని,
చివరికిదా? ముంజెలా?
స్టిక్కు బల్ల మీద పడేసి బీడీ ముట్టించాను.

అప్పుడొచ్చారు, వెనకాలే యోబు తల్లి మార్తమ్మ.
మర కట్టించి,
ఆ పేజీ చదివి వినిపించారామెకి.
గొంతు మార్చకుండా,
రిపోర్టు చదివినట్టే.

మార్తమ్మ పైట నోటికడ్డం పెట్టుకుని
చాలాసేపు టైపు అరల వంకే చూసింది.
అప్పుడడిగింది:
“ఎన్ని తిన్నాడమ్మా?”

అంత రాసిన మనిషికీ మాట రాలేదు.
నా వంక చూశారు.

అరలోంచి ఒక్కొక్క అక్షరమే ఏరి
‘ఏడు’ అని కట్టాను.